పగలు వేసుకునే తేలికపాటి సెంటు: ఉత్తరాంధ్ర ఉక్కపోతకు ఏది నప్పుతుంది?

విజయనగరం నుంచి రోజూ విశాఖకు రైల్లో వెళ్లొచ్చే ఉద్యోగులు, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆటో ఎక్కి కాలేజీకి వెళ్లే అమ్మాయిలు, స్కూటీ మీద పల్లె బడికి పోయే టీచర్లు సెంటు కొనడానికి వెళ్తే అడిగేది ఇంచుమించు ఒకటే. ఘాటు ఉండకూడదు, తాజాగా ఉండాలి, సాయంత్రం దాకా నిలవాలి. మొదటి రెండు కోరికలూ ఒకదానికొకటి తోడు. మూడోది వాటితో ఎప్పుడూ పేచీ పెడుతుంది. తేలికగా, తాజాగా ఉండే వాసన ఎక్కువసేపు నిలవదు. సాయంత్రం దాకా నిలిచేది తేలికగా ఉండదు.

దీనికి కారణం తెలుసుకుంటే ఎంపిక సగం తేలికవుతుంది. పండూ పువ్వూ కలిసిన సెంటు మూత తీయగానే ముక్కుకు తగిలేది పండు. పియర్, ఆపిల్, నారింజ, లిచీ వంటి వాసనలనిచ్చే అణువులు చిన్నవి, తేలికైనవి, గాలి తగలగానే ఎగిరిపోతాయి. వాటి ఆయుష్షు పావుగంట, మహా అయితే అరగంట. తర్వాతి రెండు మూడు గంటలు పువ్వువి. ఆపైన మిగిలేది మస్క్ (కస్తూరిలాంటి వాసన), గంధం, వనిల్లా వంటి బరువైన అడుగు వాసన. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంట్లో సెంటు కొట్టుకుంటే బస్సు కాంప్లెక్స్ చేరేలోపే పండు అయిపోతుంది. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చున్నవారికి తెలిసేది పువ్వు. మధ్యాహ్నానికి చున్నీకి మిగిలేది మస్క్.

కానీ దుకాణంలో మనం డబ్బు పెట్టేది ఆ మొదటి పావుగంటను చూసి. అందుకే ఈ వ్యాసమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: పదకొండు గంటలకు మీ ఒంటి మీద ఏ వాసన ఉంటుంది? అది నచ్చితేనే ఆ సెంటు మీది.

## ముందుగా చూడవలసినవి

వేడి, ఉక్క. సముద్రం దగ్గరున్న మన జిల్లాల్లో మార్చి నుంచి అక్టోబరు దాకా ఒళ్లు ఆరదు. వేడికి సెంటు త్వరగా ఆవిరవుతుంది, తేమ గాలిలో అదే వాసన బరువుగా తోస్తుంది. చలువ గదిలో హాయిగా అనిపించిన తీపి వాసన ఎండలో, చెమటతో కలిసి వెగటు పుట్టిస్తుంది. విదేశీ వీడియోల్లో పొగిడిన సెంటు ఇక్కడికి వచ్చేసరికి వేరేలా ప్రవర్తించడానికి మూలం ఇదే. వారు చెప్పింది చల్లటి, పొడి గాలి గురించి.

పక్కవారి ముక్కు. ఉదయం రైలు పెట్టెలో, కిక్కిరిసిన బస్సులో, ఫ్యాన్లు మాత్రమే తిరిగే స్టాఫ్ రూములో మీ సెంటు మీ ఒక్కరిదే కాదు. ఉబ్బసం ఉన్నవారికి, పార్శ్వపు తలనొప్పి వచ్చేవారికి ఘాటు సెంటు నిజంగా బాధ పెడుతుంది. పగటి సెంటు చేయి చాచినంత దూరం దాటకూడదని నా అభిప్రాయం.

మీ ముక్కు అలవాటు. ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మీకు వాసన అందకపోవడం వేరు, సెంటు పోవడం వేరు. పైగా కొన్ని రకాల మస్క్ కొందరికి పుట్టుకతోనే తెలియదు. "గంటకే పోయింది" అని మళ్లీ కొట్టుకునే ముందు ఇంట్లోవారినో స్నేహితురాలినో అడగడం మంచిది.

ఒంటి తత్వం. పొడి చర్మం మీద సెంటు త్వరగా పోతుంది, జిడ్డు చర్మం మీద కొంచెం ఎక్కువ నిలుస్తుంది. పొడి చర్మం వారు స్నానం కాగానే వాసన లేని లోషన్ రాసుకుని, ఆపైన సెంటు కొట్టుకుంటే తేడా తెలుస్తుంది. కొబ్బరినూనెకు తనదైన వాసన ఉంది కాబట్టి ఈ పనికి అది అంతగా పనికిరాదు.

రోజు ఖర్చు. సీసా ధర చూస్తే మోసపోతాం. ఒక్క నొక్కుకు సుమారు 0.1 మిల్లీలీటరు బయటికి వస్తుంది. రోజుకు నాలుగు నొక్కుల లెక్కన 30 మిల్లీలీటర్ల సీసా 75 రోజులు వస్తుంది. దాని ధర 900 రూపాయలు అనుకుంటే రోజుకు 12 రూపాయలు. ఏ సీసా ధరనైనా ఇలా రోజులతో భాగించి చూడండి.

తలలో పెట్టుకునే పూల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి గానీ, దానికి విడిగా చోటు కావాలి. కింద చెబుతాను.

## ఏ రూపంలో కొనాలి?

దుకాణంలో కనిపించేవి ముఖ్యంగా నాలుగు రూపాలు. వాటిలో ఈడీటీ అంటే ఓ ద తువాలెత్, ఈడీపీ అంటే అంతకన్నా చిక్కటి ఓ ద పర్ఫ్యూమ్. కింది అంకెలు సుమారువే. ఒక్కో సంస్థ ఒక్కోలా కలుపుతుంది.

| రూపం | పరిమళ పదార్థం పాలు | ఉక్కలో నిలిచే సమయం | రోజు వాడకం | పగటికి నప్పడం |
|---|---|---|---|---|
| బాడీ మిస్ట్ | 1–3 శాతం | 1–2 గంటలు | 8–10 నొక్కులు | చాలా బాగు, మళ్లీ మళ్లీ కొట్టుకోవాలి |
| ఈడీటీ | 5–15 శాతం | 3–4 గంటలు | 3–4 నొక్కులు | అన్నిటికన్నా బాగు |
| ఈడీపీ | 15–20 శాతం | 5–7 గంటలు | 1–2 నొక్కులు | ఏసీ గది అయితే బాగు |
| అత్తరు | ఆల్కహాల్ ఉండదు, నూనెలోనే పరిమళం | 5–8 గంటలు | 1–2 చుక్కలు | రకాన్ని బట్టి |

ఒళ్లంతా తడిసేలా చల్లుకున్నా ఎవరికీ ఇబ్బంది కలిగించనిది బాడీ మిస్ట్. వేసవిలో స్నానం చేసి వచ్చాక దీనిలో ఉన్న హాయి వేరు. దీనిలో ఉన్న చిక్కల్లా ఒకటే, బడిలో రెండో పీరియడ్ అయ్యేసరికి జాడ ఉండదు. చిన్న సీసాలోకి వంచుకుని సంచీలో పెట్టుకుని, మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్లీ కొట్టుకోగలిగేవారికి ఇది చక్కటి ఎంపిక. రోజుకు పది నొక్కులు కొట్టినా 150 మిల్లీలీటర్ల సీసా దాదాపు ఐదు నెలలు వస్తుంది. కాలేజీ పిల్లలకు మొదటి సీసా ఇదే కావాలంటాను. డబ్బు తక్కువ, పొరపాటున ఎక్కువ కొట్టుకున్నా నష్టం లేదు, ఏ వాసన తమకు ఇష్టమో తెలుసుకునే వీలుంటుంది.

ఈడీటీ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వాతావరణంలో పగటి వాడకానికి సరిగ్గా సరిపోయేది ఇదే. డబ్బా మీద పొడుగాటి ఫ్రెంచి పేరు ఉంటుంది, దుకాణాల్లో పొడి అక్షరాల్లో ఈడీటీ అంటారు. దీనిలో పండు స్పష్టంగా పలుకుతుంది, పువ్వు ఊపిరి ఆడుతూ ఉంటుంది, అడుగున మస్క్ పలచగా ఉంటుంది. చాలా పేరున్న సెంట్లు ఈడీటీగానూ ఈడీపీగానూ రెండు రకాల్లో వస్తాయి. పేరు ఒకటే కాబట్టి వాసన కూడా ఒకటే, బలమే తేడా అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఈడీపీ చేసేటప్పుడు తరచూ పండును తగ్గించి, అడుగు వాసనలను పెంచుతారు. ఈడీటీ నచ్చి, "కొంచెం ఎక్కువ పెడితే ఎక్కువసేపు నిలిచేది వస్తుంది కదా" అని ఈడీపీ కొంటే మీకు నచ్చిన ఆ తాజాదనమే పోవచ్చు. రెండూ విడివిడిగా వాసన చూడనిదే డబ్బు ఇవ్వకండి.

ఈడీపీని పూర్తిగా వద్దనను. రోజంతా ఏసీలో కూర్చునే బ్యాంకు ఉద్యోగికి ఒక్క నొక్కు చాలు, సాయంత్రం దాకా వస్తుంది. ఆ లెక్కన ధర కూడా గిట్టుబాటే. కానీ మే నెలలో రెండు బస్సులు మారి వెళ్లేవారికి ఇది బరువు.

ఇక అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ రాగి డేగిశాల్లో పూలు మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధపు నూనెలోకి పంపి అత్తరు తీస్తారు. మన మల్లెనే అక్కడ మోగ్రా అత్తరుగా చేస్తారు. మొగలి అత్తరుకైతే అంత దూరం వెళ్లనక్కర లేదు. ఇచ్ఛాపురం దాటగానే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లాయే దానికి దేశంలో పేరున్న చోటు, గంజాం మొగలిపువ్వుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆల్కహాల్ పడనివారికి అత్తరు మంచి దారి. చర్మానికి అంటుకుని ఉంటుంది, పదిమందికి గుప్పుమనదు. అయితే రెండు సంగతులు. గంధపు నూనె ధర వల్ల చవక అత్తర్లలో పారఫిన్ వంటి నూనెలు వాడతారు, వాటిలో పరిమళం లోతు ఉండదు. రెండోది, పండు తాజాదనం అత్తరులో దాదాపు రాదు. మల్లె అత్తరు మల్లెలాగే, గులాబీ అత్తరు గులాబీలాగే ఉంటాయి. మొగలి అత్తరులో తేనె, పండు ఛాయలు ఉన్నా అది పగటికి ఘాటు. నిజంగా తేలికపాటిది కావాలంటే గులాబీ అత్తరు ఒక్క చుక్క రుమాలు అంచుకు రాసుకోండి, ఒంటికి వద్దు.

డియోడరెంట్ డబ్బాలను ఈ పోలికలో చేర్చలేదు. వాటి పని చెమట కంపు ఆపడం. సెంటు కింద వేసుకోవలసి వస్తే వాసన లేనిది గానీ, అతి తక్కువ వాసన ఉన్నది గానీ వాడాలి. లేకపోతే రెండు వాసనలు చంకలో ఒకటి, మెడ దగ్గర ఒకటిగా కొట్లాడతాయి.

## ఏ పండు, ఏ పువ్వు?

అసలు తేడా ఇక్కడే వస్తుంది. పండు వాసనలన్నీ ఒకలా ప్రవర్తించవు.

| కలయిక | మొదట | పదకొండు గంటలకు | ఎప్పుడు బాగు |
|---|---|---|---|
| పియర్ లేదా ఆపిల్, పియొనీ లేదా ఫ్రీజియా | నీరున్న పండు కొరికినట్టు | సబ్బు శుభ్రత, పలచటి పువ్వు | వేసవి, వానాకాలం |
| నారింజ జాతి, మల్లె | చురుగ్గా, పుల్లగా | తెల్లపూలు, మస్క్ | ఏడాది పొడవునా |
| లిచీ, గులాబీ | తీపి, పన్నీరు | గులాబీ | వానాకాలం, చలికాలం |
| పీచ్, మల్లె | మెత్తటి తీపి | మీగడలాంటి పండు | చలికాలం, ఏసీ |
| అనాస, మామిడి, కొబ్బరి | పండ్ల బండి దగ్గర నిలబడినట్టు | మగ్గిన తీపి | పగటికి వద్దంటాను |
| స్ట్రాబెర్రీ, వనిల్లా | మిఠాయి | వనిల్లా | సాయంత్రం, చలికాలం |

పియర్, ఆపిల్ వాసనలు ఎస్టర్లు అనే తేలికపాటి రసాయనాల జాతి. తేలిగ్గా వచ్చి తేలిగ్గా పోతాయి. పోయినప్పుడు వెనుక మురికి వదలవు. మన వేసవికి వాటిని మించినవి లేవు. వాటికి తోడుగా డబ్బా మీద పియొనీ, ఫ్రీజియా అని కనిపిస్తే కంగారు పడకండి. మనం ఎన్నడూ చూడని పూలే, అయినా వాసన మాత్రం మనకు కొత్తగా అనిపించదు, పలచటి గులాబీలా, శుభ్రంగా ఉంటుంది. నిజానికి ఈ పూల నుంచి అమ్మకానికి సరిపడా నూనె తీయడం సాధ్యం కాదు. పియర్, పీచ్, ఆపిల్ పండ్ల నుంచీ అంతే. ఆ వాసనలు ప్రయోగశాలలో కట్టినవి. ఒక్క నారింజ, నిమ్మ జాతి మాత్రం తొక్కను నొక్కితే నిజంగానే నూనె ఇస్తుంది. "పూర్తిగా సహజమైన పియర్ సెంటు" అని ఎవరైనా అమ్మితే నమ్మవద్దు. ప్రయోగశాలలో పుట్టడం లోపమేమీ కాదు, తేలికపాటి సెంటు అనేదే దాని వల్ల సాధ్యమైంది. మల్లెలోని బరువును తీసేసి, గాలాడే మల్లెను మాత్రమే చూపే హెడియోన్ అనే పదార్థం 1966లో డియోర్ వారి ఓ సవాజ్ అనే సెంటుతో పేరు తెచ్చుకుంది. ఈ రోజు పగటి సెంట్లు చాలావాటిలో ఆ గాలి అదే తెస్తుంది.

పీచ్ సంగతి వేరు. దాని వాసననిచ్చేవి లాక్టోన్లు, బరువైన అణువులు. 1919లో గెర్లాన్ సంస్థ మిత్సుకో అనే సెంటులో వాడినప్పటి నుంచి ఈ పీచ్ వాసన సెంట్లలో స్థిరపడిపోయింది. పియర్ అరగంటలో సెలవు తీసుకుంటే పీచ్ సాయంత్రం దాకా కూర్చుంటుంది. నిలవాలి అనేవారికి ఇది వరంలా కనిపిస్తుంది. డిసెంబరు ఉదయాల్లో నిజంగానే వరం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం చెమటతో కలిసి జిడ్డు పట్టినట్టు అనిపిస్తుంది. రోజుకు కనీసం నాలుగు గంటలు ఏసీలో ఉండేవారైతే పీచ్ తీసుకోండి, లేకపోతే చలికాలం దాకా ఆగండి.

లిచీ, గులాబీ జోడీ అందంగా కుదరడానికి మంచి కారణం ఉంది. గులాబీకి పదును ఇచ్చే రోజ్ ఆక్సైడ్ అనే పదార్థం లిచీ పండులోనూ ఉంటుంది. ఒకటి ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మెత్తగా, మర్యాదగా ఉండే వాసన. స్టాఫ్ రూముకు ఇంతకన్నా అనువైనది నాకు తోచదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాత్రం కాస్త తీపి ఎక్కువవుతుంది.

అనాస, మామిడి వాసనల మీద మనకు ప్రేమ సహజం. సీతంపేట అనాసలు బజారుకు వచ్చినప్పుడు వీధి వీధంతా ఆ వాసనే. కానీ పండు బుట్టలో ఉన్నప్పుడు బాగుండే వాసన, చెమట పట్టిన మెడ మీద రెండు గంటల తర్వాత మగ్గిపోయిన పండులా అయిపోతుంది. పనస, జీడిమామిడి తిన్న చేతులు కడుక్కోకుండా ఉంటే ఎలా ఉంటుందో ఉద్దానం వారికి చెప్పనక్కర లేదు. బాడీ మిస్ట్‌గా, ఇంటి దగ్గర వాడుకోవడానికి పరవాలేదు. బ్లాక్‌కరెంట్ అనే నల్లటి చిన్న పండు వాసన ఉన్న సెంట్ల విషయంలోనూ జాగ్రత్త. దానిలోని గంధకపు ఛాయ కొందరి ఒంటి మీద పిల్లి వాసనగా మారుతుంది. అందరికీ అలా కాదు, అందుకే ఒంటి మీద పరీక్షించనిదే కొనకూడదు.

పండూ పువ్వూ ఒకటే అయిన వాసన ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే మన దొడ్లలోనే ఒక కొలత ఉంది. మనోరంజితం. ఆకుపచ్చగా ఉన్నంతకాలం ఆ పువ్వు ఆకుల మధ్య కనిపించనే కనిపించదు, వాసనా ఉండదు. రేకులు దళసరిగా, కొంచెం వంకరగా ఉంటాయి. పసుపు రంగు తిరిగిన రోజున మాత్రం గదిలో ఏదో పండు కోసి పెట్టారా అని వెతుక్కుంటాం. ఒకరికి అరటి, ఒకరికి అనాస, ఒకరికి పనస. ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి ఒక్క పువ్వు వేస్తే చాలు. ఆ వాసనలో తీపి ఉంది, కానీ వెగటు లేదు. దగ్గరికి వెళ్తే నిండుగా, దూరం జరిగితే పలచగా ఉంటుంది. దుకాణంలో ఏ సెంటు చూసినా దానికి ఆ గుణం ఉందా అని చూడండి. సంపంగిలోనూ పండు ఛాయ ఉంది గానీ అది దూరం నుంచే పిలిచే పువ్వు.

## తలలో పూలు పెట్టుకునే రోజు

సెంటు గురించి రాసేవారు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో నాకు తెలియదు. మన ఊళ్లో ఉద్యోగినులు సగం రోజులు పూలు పెట్టుకునే వెళ్తారు. సెంటూ పూలూ కలిసి ఎలా ఉంటాయన్నది వారికి మొదటి ప్రశ్న.

కనకాంబరాలకు, డిసెంబరు పూలకు వాసన లేదు. ఆ రోజున ఏ సెంటైనా కొట్టుకోవచ్చు. మల్లెలు పెట్టుకున్న రోజు మల్లె ప్రధానంగా ఉన్న సెంటు వద్దు. నిజమైన మల్లె ముందు సీసాలోని మల్లె ప్లాస్టిక్‌లా తేలిపోతుంది. పైగా ముందు రోజు సాయంత్రం విచ్చిన మల్లె ఉదయానికి వాడుతూ ఉంటుంది, ఆ బరువైన వాసన మీద మరో మల్లె పడితే తలనొప్పే. పియర్, నారింజ జాతివి ఒక్క నొక్కు చాలు, పూలు కూడా తాజాగా అనిపిస్తాయి. మరువం, దవనం కలిపి కట్టిన కదంబం పెట్టుకుంటే పీచ్, వనిల్లా వంటివాటిని దగ్గరికి రానీయకండి. ఆకు ఘాటుకూ ఆ తీపికీ పొసగదు. ఆ రోజు అసలు సెంటు మానేసినా లోటు లేదు. మరువం వాసన కంటే తాజాగా ఉండే సీసా ఇంతవరకు నాకు తారసపడలేదు.

## వాసన చూడడానికి గుర్తులు

పెద్ద సంస్థల సెంట్లు రోజువారీ వాడకానికి ఖరీదైనవే. కానీ విశాఖ వెళ్లినప్పుడు పెద్ద దుకాణాల్లో టెస్టర్ మీద వాసన చూడడానికి డబ్బు అక్కర లేదు. ఏ జాతి తమకు నప్పుతుందో తెలుసుకోవడానికి కిందివి మంచి గుర్తులు.

ఆపిల్, నిమ్మ ఎలా ఉంటాయో చూడాలంటే డోల్చే అండ్ గబ్బానా వారి లైట్ బ్లూ, 2001లో వచ్చిన ఈడీటీ. ఎండకు తట్టుకుంటుంది, కానీ తీపి ఇష్టపడేవారికి పొడిగా అనిపిస్తుంది. పచ్చి ఆపిల్ మరీ స్పష్టంగా కావాలంటే 2004 నాటి డీకేఎన్‌వై బీ డెలిషస్. దానిమ్మ, యుజు (నిమ్మ జాతి జపాను పండు), పియొనీ కలిసిన వర్సాచే బ్రైట్ క్రిస్టల్ 2006లో వచ్చింది. పగటి సెంటు అనగానే నాకు ముందుగా తోచేది ఇదే. తేలిక, తీపి రెండూ పాళ్లలో ఉన్నాయి. మార్క్ జేకబ్స్ డైసీలో స్ట్రాబెర్రీ, మల్లె ఉన్నా వయొలెట్ ఆకు పచ్చదనం దాన్ని మిఠాయి కాకుండా కాపాడుతుంది. షనెల్ వారి ఛాన్స్ ఓ తాంద్ర్ పంపరపనస, క్విన్స్ పండ్లతో మొదలై మెత్తటి మస్క్‌లో ఆగుతుంది. డియోర్ జడోర్ 1999 నాటిది, పియర్, పీచ్, మల్లె కలిసినది. అందమైనదే, కానీ ఈడీపీగా అది పెళ్లికి వెళ్లే సెంటు, బస్సుకు వెళ్లేది కాదు.

వీటిలో మీకు నచ్చిన జాతి ఏదో తేలాక, అదే జాతిలో మన దేశపు సీసా వెతకడం తేలిక. టైటాన్ వారు 2013లో తెచ్చిన స్కిన్, ఐటీసీ వారి ఎంగేజ్ వంటివి జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతాయి. డబ్బా మీద రాసిన పండు, పువ్వు పేర్లు చదివి పై పట్టికతో సరిచూసుకుంటే గుడ్డిగా కొనాల్సిన అవసరం రాదు.

## ఎవరికి ఏది

విశాఖకు రోజూ రైల్లో వెళ్లొచ్చేవారికి: ఇంటి దగ్గర ఈడీటీ రెండు నొక్కులు బట్టల లోపల, స్టేషన్ దిగాక మరో రెండు. కిక్కిరిసిన పెట్టెలోకి సగం బలంతో ఎక్కి, ఆఫీసులోకి పూర్తి తాజాదనంతో వెళ్తారు. దీని కోసం 10 మిల్లీలీటర్ల ఖాళీ స్ప్రే సీసా ఒకటి కొనుక్కుంటే చాలు. పియర్ గానీ నారింజ జాతి గానీ.

స్కూటీ మీద వెళ్లే టీచర్లకు: ఎండ తగిలే మెడకు, చేతులకు సెంటు వద్దు. నిమ్మ, బెర్గమాట్ వంటి తొక్క నూనెలలోని కొన్ని పదార్థాలు ఎండలో చర్మాన్ని కందిపోయేలా, నల్లబడేలా చేయగలవు. ఇప్పటి సెంట్లలో చాలావరకు వాటిని తీసేస్తారు, అయినా జాగ్రత్త మంచిదే. నూలు చీర లోపలి మడతకు, జాకెట్టు అంచుకు కొట్టుకోండి. లిచీ, గులాబీ ఈడీటీ మీకు చక్కగా సరిపోతుంది. చిన్నపిల్లల తరగతి అయితే మిస్ట్‌తో సరిపెట్టుకోవడం ఇంకా మేలు.

ఆసుపత్రిలో పనిచేసేవారికి: పనివేళల్లో సెంటు వద్దు. ఇందులో మధ్యేమార్గం లేదు.

సచివాలయంలో, దుకాణంలో రోజంతా మనుషులతో మాట్లాడేవారికి ఈడీటీ. ఏసీ ఉన్న కార్యాలయమైతే ఈడీపీ ఒక్క నొక్కు, పీచ్ అయినా సరే.

మగవారు కూడా ఈ జాతి సెంట్లు అడుగుతున్నారు, అడగాలి కూడా. ఆపిల్, నిమ్మ, మస్క్ ఉన్నవి ఎవరి ఒంటి మీదైనా శుభ్రంగానే ఉంటాయి. డబ్బా మీద ఎవరి కోసమని రాశారన్నది ముక్కుకు పట్టదు.

ఎవరికైనా బహుమతిగా ఇవ్వాలనుకుంటే వారి ఒంటి తత్వం మనకు తెలియదు కాబట్టి చిన్న సీసాలో పియర్ లేదా నారింజ జాతి ఈడీటీ ఇవ్వండి. వద్దనేవారు అతి తక్కువ.

## దుకాణంలో

కాగితం ముక్క మీద వాసన చూసి ఇష్టం లేనివాటిని పక్కన పెట్టడానికే అది పనికొస్తుంది, కొనడానికి కాదు. రెండు రకాలు తేల్చుకుని, ఒక్కో మణికట్టుకు ఒక్కోటి కొట్టుకోండి. రుద్దకండి. కొనకుండా బయటికి వచ్చేయండి. విజయనగరంలో అయితే మూడు లాంతర్ల దగ్గర మొదలుపెట్టి, కోట వైపు, గంటస్తంభం వైపు మీ పనులు చూసుకుని రెండు గంటల తర్వాత మళ్లీ వాసన చూడండి. ఉదయం కాదు, మధ్యాహ్నం పూట వెళ్లండి. ఎండలో నడిచి, చెమట పట్టాక కూడా ఏ మణికట్టు బాగుందో అదే మీది. మధ్యలో ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలు అక్కర లేదు, సెంటు తగలని మీ మోచేతి మడతను వాసన చూస్తే చాలు. సున్నితమైన చర్మం ఉన్నవారు ఆ రాత్రంతా చూసుకుని, దురద, ఎరుపు లేవని తేలాక మర్నాడు కొనాలి.

టెస్టర్ లేని ఫ్యాన్సీ దుకాణంలో ఖరీదైన సెంటు కొనవద్దు. దిగుమతి సరుకు అయితే డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. డబ్బా మీది బ్యాచ్ నంబరూ సీసా అడుగున ఉన్న నంబరూ కలవాలి. ఫస్ట్ కాపీ అని చెప్పి అమ్మే వాటిలో ఏం కలిపారో ఎవరూ చెప్పలేరు. పేరున్న నకిలీ కన్నా పేరులేని అసలైన మిస్ట్ ఎంతో మేలు.

కొన్నాక కొన్ని చిన్న జాగ్రత్తలు. ముత్యాలు పెట్టుకునే ముందే సెంటు కొట్టుకోండి, ఆల్కహాల్‌కు వాటి మెరుపు తగ్గుతుంది. పట్టుచీర మీద, తెల్లచొక్కా మీద నేరుగా కొడితే మరక పడవచ్చు. సీసాను డబ్బాలోనే ఉంచి బీరువాలో పెట్టండి, స్నానాలగదిలో వద్దు. ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీలోనైతే అసలే వద్దు. వేడికి పండు వాసనే ముందు పాడవుతుంది, పైగా ఆల్కహాల్ మండే స్వభావం ఉన్నది.